బోనం ఆగిన పూట

ఎవరేమనుకున్నా సరే, ఆ ఇద్దరు పిల్లల్నీ విమానం ఎక్కించింది అక్కా నేనూ. ఎంపిక చేసింది యూనివర్సిటీ వాళ్లే, టిక్కెట్లు పంపింది ఆ దేశం వాళ్లే, కాదనను. కానీ ఎంపికైన పిల్లలు ఇల్లు దాటాలంటే గడపకు అడ్డంగా నిలబడ్డ వాళ్లందర్నీ ఎవరో ఒకరు పక్కకు జరపాలి కదా. ఆ పని మేం చేశాం. ఇప్పటికీ మా చర్చి సంఘంలో కొందరు నన్ను చూసి ముఖం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి. మెడ వాళ్లదే, నొప్పీ వాళ్లదే.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు. మారేడ్‌పల్లిలో మేం అద్దెకుంటున్న ఇంటి ఆవిడ. మాది రేపల్లె దగ్గర పల్లె. మా ఆయన రైల్వేలో గార్డు. పెళ్లయిన కొత్తలో ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు, మా అమ్మ ఇచ్చిన రోకలి పట్టుకుని నేను దిగింది ఆ ఇంటి వెనక వాటాలోనే. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ముందు వాటాలో అక్కావాళ్లు. మధ్యన వాకిలి, ఒక కుళాయి, ఒక జామచెట్టు, బట్టలారేసే తీగ. వాన చినుకు పడితే ఎవరు ముందు పరిగెత్తితే వాళ్లు తీగ మీదివన్నీ లాక్కొచ్చి పడేసేవాళ్లం. ఏ చీర ఎవరిదో తర్వాత తీరిగ్గా చూసుకునేవాళ్లం.

వాళ్లది తాతల నాటి నుంచి ఇక్కడి కుటుంబం. అక్క భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒక్కతే కూతురు. ఒక మరిది ఉన్నాడు. అక్క ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆ పిల్లాడికి తల్లి లేదు. అన్నం కలిపి పెట్టి, బడికి పంపి, ఉద్యోగం వచ్చేదాకా పెంచింది అక్కే. ఇప్పుడు ఆయన భార్యాబిడ్డలతో కాప్రాలో ఉంటాడు, సర్కారు ఆఫీసులో పని.

నేను వచ్చిన మొదటి ఆషాఢంలో ఏం జరిగిందో చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతిది అర్థం కాదు.

ఆ ఆదివారం అక్క అమ్మవారికి బోనం ఎత్తి, గుడి నుంచి వచ్చాక, ఒక గిన్నెలో బెల్లమన్నం తెచ్చి నా చేతికివ్వబోయింది. నేను చెయ్యి చాపలేదు. దేవతకు పెట్టింది మేం తినకూడదు, అది మా నియమం. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక తల వంచుకుని, మేం తినమండీ అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. ఎందుకని అడిగింది. చెప్పాను. గిన్నె తీసుకుని వెళ్లిపోయింది. ఇక ఇల్లు ఖాళీ చేయమంటుందనుకుని నేను ఆ పగలంతా ఏడ్చాను. ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

మళ్లీ ఏడు బోనాలకు, పొద్దున్నే, ఇంకా డప్పులు కూడా రాకముందు, ఒక చిన్న మట్టి గురిగి మీద మూకుడు మూసి తెచ్చింది. "గిది అమ్మవారికి సూపియ్యలే. వేరేగ వండిన. గిప్పుడు తింటవా?" అంది. తిన్నాను. అప్పటి నుంచి ప్రతి ఆషాఢం అంతే. ఒకే పొయ్యి, ఒకే బియ్యం, ఒకే బెల్లం. పెద్ద కుండ అమ్మవారికి, చిన్న గురిగి మాకు. క్రిస్మసుకు నేనూ అంతే. మా ఇంట్లో ఏ గిన్నెలో ఏం వండుకుంటామో ఆమెకు తెలుసు, ఆమె తిననిదేదో నాకు తెలుసు. అందుకని గులాబీ పువ్వుల పిండివంటకు ఆమె కోసం వేరే బాండీ, వేరే గరిటె, ఏడాదంతా గుడ్డలో చుట్టి అటక మీద ఉంచేదాన్ని.

మా అమ్మాయీ వాళ్ల పిల్లా ఒక ఈడు వాళ్లు. ఒకే బడి, ఒకే కాలేజీ, చివరికి ఒకే యూనివర్సిటీ. మా అమ్మాయి ఆమెను పెద్దమ్మా అంటుంది, వాళ్ల పిల్ల నన్ను చిన్నమ్మా అంటుంది. ఇద్దరు తల్లులం కలిపి లెక్కేసినా పదో తరగతి దాకా చదవలేదు. పిల్లలు మాత్రం ఎమ్మేల దాకా వెళ్లారు.

వాళ్లు ఎమ్మేలో ఉండగానే ఊరంతా ఉద్యమం రాజుకుంది. తెలంగాణ వేరే రాష్ట్రం కావాలని. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ఆఫీసులు బంద్. మా సందు మొదట్లో గోడ మీద, ఆంధ్రా వాళ్లు వెళ్లిపోవాలని ఎవరో నల్లరంగుతో రాశారు. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ రోజూ అది చదివేవాడు. ఇంటికొచ్చి ఏమీ చదవనట్టే కాళ్లు కడుక్కునేవాడు. రేపల్లె నుంచి మా వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు, సామాను సర్దుకుని వచ్చేయమని. ఎక్కడికి రావాలి? అక్కడ మాకున్నది కూలిన గోడ ఒకటి, దాని మీద పాకిన దొండపాదు ఒకటి.

ఆ రోజుల్లోనే వాళ్ల ప్రొఫెసరు పిల్లలిద్దర్నీ పిలిచి ఈ కబురు చెప్పాడు. ఐర్లాండు పైకొసన ఒక పట్నం ఉందట. లోకంలో ఎక్కడెక్కడ జనం తగాదాలు పడుతున్నారో అక్కడి నుంచి విద్యార్థుల్ని ఆ పట్నం యూనివర్సిటీకి పిలుస్తారట. నెలకు పైగా ఉంచుకుని, కొట్లాడుకున్న మనుషులు మళ్లీ ఒక వీధిలో ఎలా బతకాలో నేర్పుతారట, నేర్చుకుంటారట. ఒక్కో చోటు నుంచి ఇద్దరు. ఆ ఇద్దరూ తగాదాలో చెరో వైపు వాళ్లయి ఉండాలి. మన దగ్గర నుంచి మా ఇద్దరినీ తీసుకున్నారని చెప్పి పిల్లలు వాకిట్లో గంతులేశారు. ఒకరు మానుకుంటే రెండో వాళ్ల ప్రయాణం కూడా పోతుందట.

ఆ పట్నంలో వాళ్లకేం తగాదా అని అక్క అడిగింది. పిల్లలు చెప్పారు. రెండు పక్షాలూ క్రైస్తవులేనట, చెరొక శాఖ. ఏళ్ల తరబడి చంపుకుని, ఇళ్ల మధ్య ఎత్తయిన గోడలు కట్టుకున్నారట. అక్క చిక్కుడుకాయల చేట ముందు పెట్టుకుని నా వైపు ఓరగా చూసింది.

"ఏందే చెల్లె, మీ దేవుడు ఒక్కడే గద. మల్ల గోడ దేనికి?"

"మన భాష కూడా ఒకటే కదక్కా. మన గొడవ దేనికి?"

"గది వేరే ముచ్చట తియ్," అని కాయ ఈనె లాగింది. ఇద్దరం నవ్వాం. ఆ మాట మీద నవ్వుకోగలిగిన వాళ్లు అప్పుడు మా సందులో మేమిద్దరమే.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఆ దేశంలో సభలో నిలబడి మాట్లాడేటప్పుడు ఎవరి బాధ వాళ్లు చెప్పుకోకూడదు. ఎదుటి పక్షం బాధను తమ బాధలాగా చెప్పాలి. అంటే మా అమ్మాయి తెలంగాణ తరఫున మాట్లాడాలి. వాళ్ల పిల్ల ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మాలాంటి వాళ్ల తరఫున మాట్లాడాలి. దానికి ఇక్కడే తర్ఫీదు కావాలి.

ఒక సాయంత్రం మా అమ్మాయి అక్క పక్కన చేరింది. నీళ్ల గురించీ ఉద్యోగాల గురించీ పుస్తకాల్లో ఉంది పెద్దమ్మా, నీ సంగతి చెప్పు అంది. నేను ఇవతల గట్టు మీద బియ్యంలో రాళ్లు ఏరుతున్నాను. నా సంగతేముంది, ఏం లేదు పో అని అక్క చాలాసేపు దాటేసింది. తర్వాత మెల్లగా మొదలుపెట్టింది. ఆరో తరగతిలో వాళ్ల టీచరమ్మ కోస్తా నుంచి వచ్చినావిడట. పాఠం మీద ప్రశ్న అడిగితే అక్క లేచి తన మాటల్లో జవాబు చెప్పిందట. ఆవిడ మళ్లీ చెప్పమందట. మళ్లీ చెప్పింది. ఇంకోసారి అందట. తరగతంతా నవ్వేదాకా అలా చెప్పించి అప్పుడు కూర్చోమందట.

"జవాబు గలత్ కాదు బిడ్డా. మాట నాది, గంతే. తెల్లారి బడికి పోలే. మల్ల ఎన్నడు పోలే."

నా చేట నా ఒళ్లో అలాగే ఉండిపోయింది. అన్నేళ్లుగా ఆమె పక్కన కూర్చుని నా గుంటూరు యాసలో గలగలా కబుర్లు చెబుతూనే ఉన్నాను. ఒక్కనాడూ ఈ సంగతి బయటపెట్టలేదు. నా మాట వింటే నీకు ఆ టీచరమ్మ గుర్తొచ్చేది కాదా అక్కా అని అడిగాను.

"షురూల గుర్తొచ్చేది," అంది. "నువ్వు గురిగిల బువ్వ తిన్నంక రాలే."

మర్నాడు వాళ్ల పిల్ల నా దగ్గర కూర్చుంది. గోడ మీద రాత గురించి, మా ఆయన కాళ్లు కడుక్కోవటం గురించి చెప్పాను. ఇంకొకటి కూడా చెప్పాను. అది నేనిప్పుడు చెప్పను. ఆ పిల్ల నోటి మీదుగా విందురు గాని.

ఇక చూడండి. మా అమ్మాయి డాబా మీద నిలబడి, మా నీళ్లు, మా కొలువులు, మా మాట మీద మీ నవ్వులు అని గట్టిగా చదువుకుంటుంటే పక్క సందులో ఉండే సంఘపెద్ద గారి భార్య చెవిన పడింది. శుక్రవారం శుక్రవారం స్త్రీల ప్రార్థన కూడిక మా ఇంట్లోనే జరిగేది. ఆ శుక్రవారం ఆడవాళ్లతో పాటు సంఘపెద్ద గారు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మనవాళ్లంతా బిక్కుబిక్కుమంటూ బతుకుతుంటే మన పిల్లే పరాయి దేశం వెళ్లి వాళ్ల పాట పాడితే ఎలాగమ్మా అన్నారు. నెమ్మదిగానే అన్నారు, పెద్దమనిషి. ప్రయాణం మాన్పించమన్నారు.

"అయ్యా, మన పాట కూడా ఆ సభలోనే పాడతారు. పాడేది మీ పిల్లలూ కాదు, నా పిల్లా కాదు. వాళ్ల పిల్ల," అన్నాను.

ఆయన లేచారు. తర్వాతి వారం నుంచి ప్రార్థన కూడిక ఇంకొకరింటికి మారింది. నాకు చెప్పను కూడా చెప్పలేదు. నేను చాప పరిచి ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. సరే, చాప పరిచాను కాబట్టి ప్రార్థన చేసుకునే లేచాను. మరుసటి శుక్రవారం కూడా పరిచాను. కూడికను తీసుకెళ్లారు గానీ చాపను తీసుకెళ్లలేదు కదా.

అటు అక్క ఇంట్లో లొల్లి ఇంకా పెద్దది. ఆమె మరిది మంచి మనిషి. ఉద్యమంలో మనసు పెట్టి తిరిగేవాడు, ధర్నాల్లో ఎండకు మాడి నల్లబడ్డాడు. జీతం ఆగినా వెనక్కి తగ్గలేదు. ఆయనకు ఈ సంగతి తెలిసి వదిన మీద మండిపడ్డాడు. మన కొట్లాట మనం గెలవకముందే మన పిల్ల పోయి తెల్లోళ్ల ముందర ఆంధ్రోళ్ల దిక్కుకెల్లి ఏడ్చుడేందని అడిగాడు. ఆయన బాధ తప్పని నేను ఇప్పటికీ అనను. బోనాల నాడు చుట్టాలంతా వస్తారు కాబట్టి అందరి ముందూ పిల్ల చేత మానుకున్నానని చెప్పించాలని పట్టుబట్టాడు. పండుగ కానియ్, చూద్దాం అని అక్క అంది. వాళ్ల పిల్ల ఆ వారమంతా సరిగా తినలేదు. మా అమ్మాయి ప్రయాణం కూడా ఆ పిల్ల నోటి మాట మీదే ఉంది. అయినా ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అడగలేదు. కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేటప్పుడు కూడా ఊరికే బిందెల వంక చూసుకునేవాళ్లు.

ఆ ఆదివారం నేను పొద్దుటి ఆరాధనకు వెళ్లి, తెల్లచీరలో, బైబిలు సంచీతో తిరిగొచ్చేసరికి గేటు దగ్గర డప్పులు కాస్తున్నారు. వాకిలి నిండా చుట్టాలు. అక్క ముఖం చూసి ఏదో అయిందని తెలిసింది.

అయింది ఇదీ. పొద్దున్నే అక్క రెండూ వండింది. పెద్దది కొత్త కుండలోకి మార్చి, పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపరెమ్మలు కట్టి సిద్ధం చేసింది. చిన్న గురిగిని ఎప్పటిలాగే మూకుడు మూసి జామచెట్టు కింది గట్టు మీద ఉంచి స్నానానికి వెళ్లింది. ఆమె తోడికోడలు, అంటే ఆ మరిది భార్య, ప్రతి ఏడూ కాప్రాలోనే బోనం తీసేది. ఈసారే మొదటిసారి ఇక్కడికి వచ్చింది. ఆమె గట్టు మీద గురిగిని చూసింది. పెళ్లికాని పిల్ల పేరు మీద చిన్న బోనం కూడా ఎత్తుతున్నారనుకుంది. పాపం, మంచి మనసుతోనే దానికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, వేపాకు చుట్టి, లోపల అమ్మవారి పటం ముందు పెద్ద కుండ పక్కన పెట్టేసింది. దీపం వెలిగించి కొబ్బరికాయ కూడా కొట్టేసింది. అక్క తల తుడుచుకుంటూ వచ్చి చూసి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. సంగతి తెలిసి ఆ తోడికోడలు చెంపలు వేసుకుంటూ ఒక మూల నిలబడింది.

మరిది కోప్పడలేదు. కాస్త నవ్వాడు కూడా. ఇన్నేళ్లు ముందుగాల వాళ్లకు తీసిపెట్టి తర్వాత అమ్మవారికి పెడుతున్నవు, అది న్యాయమా వదినె, ఇయ్యాల అమ్మవారే ముందు తీసుకున్నదన్నాడు. చుట్టాల్లో పెద్దావిడ ఒకామె, నిజమే, నైవేద్యానికి ముందే తియ్యుడేందని బుగ్గ నొక్కుకుంది. ఆయన ఆ గురిగిని తెచ్చి గట్టు మీద నా ముందు పెట్టాడు.

"అక్కా, మనమంత ఒక్కటే అంటరు గద. పిల్లలను గందుకే పంపుతున్నమంటరు గద. గీ బువ్వ తినుండ్రి. తింటె నేనే పిల్లలను విమానం కాడ దింపొస్త. తినకుంటె ఇగ గా ముచ్చట బంద్."

డప్పులు కాసేవాళ్లు కూడా ఇటు తిరిగారు. మా అమ్మాయి నా వెనక నిలబడి ఉంది. దాని చెయ్యి నా కొంగు పట్టుకోవటం తెలిసింది, అది లాగుతోందో ఆపుతోందో తెలియలేదు. ఒక్క ముద్ద. మింగితే ఇద్దరు పిల్లలూ వెళ్తారు. సంఘం వాళ్లెవరూ అక్కడ లేరు, దేవుడు తప్ప. ఆ దేవుడు క్షమించే దేవుడే. ఇవన్నీ అనుకున్నాను, అనుకోలేదని చెప్పను. గురిగి వంక చూశాను. దాని మీద పసుపు ఇంకా తడిగానే ఉంది. తర్వాత నేల మీద కూర్చున్న అక్క వంక చూశాను. తినమనీ వద్దనీ ఆమె కళ్లు ఏమీ చెప్పలేదు. మొదటి ఏడాది గిన్నె పట్టుకుని చూసినట్టే చూస్తోంది.

"తమ్ముడూ, ఇన్నేళ్లలో మీ వదిన నన్ను ఒక్కసారి కూడా ఇది తినమని అడగలేదు. నువ్వు అడుగుతున్నావు. నేను తినను," అన్నాను. "తినకపోయినా నా పిల్ల వెళ్తుంది."

ఎలా వెళ్తుందో నాకు తెలియదు. నోటికొచ్చింది, అన్నాను.

ఎవరూ మాట్లాడకముందే అక్క లేచింది. లోపలికి వెళ్లి చేటలో బియ్యం తెచ్చింది. కుళాయి కింద కడిగింది. మూడు ఇటుకల మధ్య ఆరబోతున్న పొయ్యిని ఊదింది. ఇంకో గురిగి పెట్టింది. బోనం జెర ఆగుతదని చుట్టాలకు చెప్పింది, మజ్జిగ కావాల్నా అన్నంత మామూలుగా. గుడి కాడ లైను పెరుగుతదని ఒకరు, ఎత్తేందుకు తయారైన బోనాన్ని ఆపితే అమ్మవారికి కోపమొస్తదని ఒకరు గొణిగారు.

"వస్తె నా మీదికొస్తది. మీకేం తక్లీఫ్?" అంది అక్క. తర్వాత మరిది వైపు తిరిగింది. "బెల్లం ఒడిసింది. పోయి పట్క రా."

"వదినె..."

"పొయ్యి మండుతున్నది. పో."

ఆయన నిలబడ్డాడు. నలభై ఏళ్ల మనిషి, మీసాలున్న మనిషి, మైకు పట్టి వందల మందిని నడిపించే మనిషి. ఎదురుగా చిన్నప్పుడు తన ముక్కు తుడిచిన వదిన. స్కూటరు తాళం తీసుకుని బయటికి నడిచాడు.

అప్పుడు నేను మా వాటాలోకి వెళ్లి పెద్ద గిన్నెతో టీ పెట్టాను. డప్పుల వాళ్లకిచ్చాను, చుట్టాలకిచ్చాను. డప్పుల వాళ్లలో ఒకతను ఇంకా ఎంతసేపని అడిగాడు. కిరస్తానం అక్కకు బువ్వ ఉడుకుతున్నదని ఇంకొకతను చెప్పాడు. అయితే ఉడకనీ, చాయ్ మంచిగున్నదన్నాడు అతను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో వాకిట్లో కాస్త గాలి ఆడింది.

ఆయన బెల్లం పొట్లంతో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. అన్నం ఇంకా మెత్తబడలేదు. అప్పుడు వాళ్ల పిల్ల వచ్చి ఎదురుగా నిలబడింది. చిన్నాయినా, నేను పోవుడు పోకపోవుడు తర్వాత, ఆడ ఏం చెప్తనో జెర ఇను అంది. ఆయన వద్దనలేదు. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నేనైపోయి మొదలుపెట్టింది. నా బతుకు, వాళ్ల యాసలో. ట్రంకుపెట్టె, రోకలి, గోడ మీద రాత, కాళ్లు కడుక్కునే మా ఆయన, అన్నీ చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించింది.

"పొమ్మని రాసిన్రు. పోత. కని నా తొలుసూరు కొడుకు బొల్లారంల మట్టిల ఉన్నడు. ఏడాది సుత నిండలే. వాన్ని ఏడ ఇడిసిపెట్టి పోను? ఆ దినం నా పెనిమిటి బండి మీద ఉండె, కబురు అందలే. చిన్న పెట్టెను ఒళ్లె పెట్టుకొని రిక్షాల బొల్లారం దాక నాతోని వచ్చినోడు గీ ఊరి పిలగాడే. తొవ్వల గుంత వచ్చినప్పుడల్ల పెట్టె మీద చెయ్యి అడ్డం పెట్టిండు, వానికేదో దెబ్బ తాకుతదన్నట్టు. గాయన నన్ను పొమ్మంటడా? నాకు తెల్వది. మీరే చెప్పుండ్రి."

ఆ పిలగాడు ఎవరో వాకిట్లో ముగ్గురికే తెలుసు. అక్కకూ, నాకూ, ఆయనకూ. అప్పుడాయన ఇంటరు చదువుతున్నాడు. ఆ గుంతలూ ఆ చెయ్యీ నేను చూశానని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

ఆయన బెల్లం పొట్లం విప్పాడు. మళ్లీ మూశాడు. పొగ కళ్లల్లోకి వచ్చిందని ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అటు తిరిగే, "గిది సుత చెప్తవా ఆడ?" అన్నాడు.

"చెప్త చిన్నాయినా."

ఆయన మా అమ్మాయిని పిలిచాడు. మా దిక్కుకెల్లి మాట్లాడేది నువ్వే గద, చెప్పు, ఇంట అన్నాడు. అది మొదలుపెట్టింది. రెండో మాట దగ్గరే ఆపాడు.

"గంత మెత్తగ చెప్తె ఎవలింటరు బిడ్డా? పేపర్ల చదివినట్టు చెప్తున్నవ్. కడుపుల కాలినట్టు చెప్పు. నువ్వు సగం సగం చెప్పి మా ఇజ్జత్ తీస్తె ఊకోను."

చుట్టాలంతా ఒక్కసారి నవ్వారు. అక్క మాత్రం నవ్వలేదు, అన్నం పట్టి చూస్తోంది. ఉడికింది. పొట్లం అందుకుని బెల్లం వేసి కలిపి, కొంచెం నెయ్యి వేసి, మూకుడు మూసి నా చేతికిచ్చింది. ఎప్పుడూ లోపలికి తీసుకెళ్లి తినేదాన్ని. ఆ రోజు అక్కడే, గట్టు మీద, అందరి ముందు కూర్చుని కళ్లు మూసుకుని నా ప్రార్థన నేను చేసుకుని తిన్నాను. నాలుక కాలింది. అయినా తిన్నాను. నేను రెండో ముద్ద తిన్నాక అక్క బోనం ఎత్తుకుంది. డప్పులు మోగాయి. ఆమె గేటు దాటుతుంటే ముందు నడిచి జనాన్ని జరిపింది ఆ మరిదే.

ఆయన ఆ పూట పిల్లల్ని వెళ్లమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కానీ ఆ వారం నుంచి ధర్నా నుంచి తిన్నగా మా వాకిట్లోకి వచ్చి, చెప్పులు విప్పి, మా అమ్మాయిని ఎదురుగా నిలబెట్టి చెప్పించుకునేవాడు. ఏ మాట ఎక్కడ ఒత్తాలో, ఏ మాట దగ్గర ఆగాలో నేర్పేవాడు. తాను మైకులో చెప్పుకోలేనివి కూడా దానికి చెప్పాడని నాకు అనుమానం. సెప్టెంబరులో విమానాశ్రయానికి కూడా వచ్చాడు. అక్కడ చలి ఉంటుందని చెరో కోతి టోపీ కొని తెచ్చాడు. పిల్లలు సిగ్గుతో చచ్చిపోయారు. పెట్టుకుంటేనే లోపలికి వెళ్లనిస్తానని మొండికేస్తే పెట్టుకునే వెళ్లారు.

ఆ పట్నం నుంచి ఫోన్లు చేసేవాళ్లు. ఆ గోడలకు తలుపులుంటాయట, సాయంత్రం కాగానే మూసేస్తారట. వీళ్లున్న ఇంటి ముసలావిడ గోడ అవతల సొంత అక్క కూతురున్నా ఏళ్లుగా చూడలేదట. సభలో మా అమ్మాయి మాట్లాడి కూర్చున్నాక, నువ్వు నిజంగా ఏ పక్షమని ఒక కుర్రాడు అడిగాడట. ఒళ్లు మండింది అమ్మా, అంది. వాళ్ల పిల్ల మా గురిగి సంగతి కూడా చెప్పిందట. అక్కడి టీచరు ఒకామె, ఇన్నేళ్లయినా ఒకే కుండలో తినలేకపోతే అదేం స్నేహమని అడిగిందట.

నువ్వేమన్నావే అని అక్క ఫోను లాక్కుని అడిగింది.

"తినుమని మా అమ్మ ఎన్నడు అడగలే, గందుకే గింత దూరం వచ్చినమని చెప్పిన."

పిల్లలు తిరిగొచ్చి చాలాకాలమైంది. ఉద్యమం ఇంకా నడుస్తూనే ఉంది. ఉంచుతారో విడగొడతారో ఢిల్లీలో పెద్దవాళ్లు తేలుస్తారట. తేల్చనివ్వండి. వాళ్లు గీత ఎటు గీసినా నేను మాత్రం ఈ వాకిలి వదిలి కదలను. నా పిల్లాడు బొల్లారంలో ఉన్నాడు, నా గురిగి ఆ పొయ్యి మీద ఉంది. గోడ మీద రాత రంగు వెలిసింది గానీ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మా ఆయన ఇప్పుడు దాన్ని చదివి, ఇంటికొచ్చి, చదివానని చెప్పి మరీ కాళ్లు కడుక్కుంటున్నాడు.

మా అమ్మాయి విదేశీ అనుభవం చర్చిలో చెప్పించమని సంఘపెద్ద గారు కబురు చేశారు. అక్కడ చెప్పిందే ఇక్కడా చెబుతుంది, ఒక్క మాట తగ్గించదు అని తిరుగు కబురు పంపాను. మళ్లీ ఆ ఊసు లేదు. ప్రార్థన కూడికా తిరిగి రాలేదు. శుక్రవారం మధ్యాహ్నం నేను చాప పరుస్తూనే ఉన్నాను. అక్క తన చేట పట్టుకొచ్చి గడప మెట్టు మీద కూర్చుంటుంది. చాప మీదికి ఆమె రాదు, రమ్మని నేను పిలవను. నేను కళ్లు మూసుకోగానే చెరిగే చప్పుడు ఆగుతుంది. ఆమెన్ అనగానే మళ్లీ మొదలవుతుంది.